మల్లయ్య లారీ బ్రేకుల కూత

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. వట్టి చేతులకు పని నేర్పి, ఆ చేతులు తప్పు చేసిన దినాన కూడా నన్ను తోసివేయక నిలబెట్టిన నా ప్రభువు నామానికి మహిమ కలుగును గాక. నా గొప్ప చెప్పుకోవడానికి ఈ సంగతి రాయడం లేదు. ఇందులో గొప్ప ఏదైనా ఉంటే అది ఆయన ఓర్పుది, మరొక మనిషిది.

అది 1958. వికారాబాద్ నుంచి తాండూరు దారి పట్టే చోట నాకు ఒక రేకుల షెడ్డు ఉండేది. వారమంతా అక్కడ లారీలు బాగుచేసేవాణ్ణి. పాస్టరుగారు పల్లెల మీదికి వెళ్లిన ఆదివారాల్లో సంఘంలో వాక్యం చెప్పేవాణ్ణి. ఊళ్లో కొందరు నన్ను మిస్త్రీ అనేవారు, కొందరు ప్రసంగి అనేవారు. రెండో పేరు వింటే లోలోపల ఎక్కువ సంతోషంగా ఉండేది.

ఇప్పటి బండ్ల బ్రేకులకు డిస్కులు, ప్యాడ్లు వచ్చాయి. అవి కొత్తవి వేయించాక బ్రేకు కీచుమంటోందని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్లున్నారు. మా కాలంలో అన్నీ డ్రమ్ములే. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గుల్ల. దాని లోపల నెలవంకల్లా రెండు షూలు, వాటి మీద రివెట్లతో బిగించిన లైనింగు అనే గరుకు పట్టీ ఉంటాయి. పెడల్ తొక్కితే షూలు విచ్చుకుంటాయి, లైనింగు డ్రమ్మును ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికే బండి ఆగుతుంది. కొత్త లైనింగు వేసినప్పుడు దాని రెండు కొసల అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరగదీయాలి. దాన్ని చాంఫర్ అంటాం. డ్రమ్ము లోపల నున్నబడిన పొరను గరుకు కాగితంతో రుద్దాలి. ఈ రెండూ చేయకపోతే పదునైన అంచు డ్రమ్మును గీరుతూ అదురుతుంది. ఆ అదురే కూత.

తాండూరు గంజిలో, అంటే ధాన్యం మార్కెట్లో, వ్యాపారం చేసే ఒక సేటు లారీకి మల్లయ్య డ్రైవరు. బంట్వారం దిక్కు మనిషి. తాతల నాటి నుంచి గొర్రెలు కాసుకునే ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో మొదట స్టీరింగు పట్టింది అతనే. నాలుగు చక్రాలకూ కొత్త లైనింగు వేయమని ఆ వేసవిలో లారీని నా దగ్గర విడిచాడు. ఆ సాయంత్రం నుంచే మా సంఘం సువార్త కూటాలు మొదలవుతున్నాయి. మొదటి ప్రసంగం నాది. రివెట్లు గట్టిగా బిగించాను, అందులో లోపం లేదు. అంచులు మాత్రం అరగదీయలేదు. డ్రమ్ము రుద్దలేదు. బండి ఆగుతుంది కదా, చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మల్లయ్య వచ్చాడు.

"మిస్త్రన్నా, బ్రేక్ తొక్కుతే ఒక్కటే ఒర్రుతున్నది. తాండూరు గంజిల ఎడ్లు బెదురుతున్నయి."

"కొత్త లైనింగు గట్లనే ఒర్రుతది మల్లయ్యా. నాలుగు దినాలు తిరిగితే అదే సల్లబడుతది."

"హమాలోళ్లు నవ్వుతున్నరే. మల్లిగాడు ఇంజన్ల మేకపిల్లను దాసుకొచ్చిండంటున్నరు. మా తాత గొర్లు కాసిండట, నేను బ్రేకులు కాస్తున్ననట."

నేనూ నవ్వాను. అతను నవ్వలేదు. చక్రం విప్పి చూడమన్నాడు. తర్వాత చూద్దామని పంపించాను.

రెండోసారి వచ్చినప్పుడు, కూటాల్లో మళ్లీ నా వంతే కావడంతో, నేను తెల్లబట్టలు కట్టుకుని, చేతిలో గ్రంథంతో షెడ్డు గడియ వేస్తున్నాను. లారీ దిగకుండానే అడిగాడు.

"అన్నా, జర ఒక్కపారి సూడు. రేపు ఉప్పు బస్తాలు ఏసుకొని ఘాట్ దిగాలె. గీ కూతకు పరేషానైతున్న."

"దేవుని పని మీద పోతున్న మల్లయ్యా. సోమవారం రా."

"మరి గంతదాంక ఏమన్న నూనె రాయాల్నా?"

ఆ మాట విన్నాను. కూటాల పందిట్లో అప్పటికే పాట ఎత్తుకున్నారు. నేను వెనక్కి తిరగలేదు.

నూనె వద్దు అన్న ఒక్క మాట సరిపోయేది. ఆ మాట అనకుండా వెళ్లి, మెలకువగా ఉండడం గురించి పందిట్లో చాలాసేపు మాట్లాడాను. బాగా చెప్పానని అందరూ అన్నారు.

మరుసటి దినం మధ్యాహ్నం కబురు వచ్చింది. అనంతగిరి దాటి ధారూరు వైపు దిగే మలుపుల్లో లారీ ఆగలేదు. పెడల్ ఎంత గట్టిగా తొక్కినా చక్రం పట్టడం లేదు. కింది మలుపులో సంతకు వస్తున్న ఎడ్లబండ్లు వరుసగా ఎదురయ్యాయి. వాటి మీద ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. మల్లయ్య లారీని లోయ వైపు కాక గుట్ట వైపు తిప్పి, సీతాఫలం పొదల్లోంచి మట్టి గట్టుకు గుద్దాడు. బండ్ల మీదివాళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. అతని ఎడమ కాలు విరిగింది.

లారీని గొలుసులతో నా షెడ్డుకే లాక్కొచ్చారు. సేటు తాండూరు నుంచి రైల్లో వచ్చి పక్కనే నిలబడ్డాడు.

"ఏమైందే మిస్త్రీ, జల్ది జెప్పు."

డ్రమ్ము లాగాను. ఆముదం వాసన గుప్పుమంది. డ్రమ్ముకు లోపల చూడడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. మల్లయ్య అందులోంచి పోసినట్టున్నాడు. లైనింగు నానిపోయి నల్లగా మెరుస్తోంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది: ఒక మనిషి కాలు విరిగి దవాఖానాలో పడి ఉంటే, ఆ వాసన తగలగానే నా ప్రాణం కుదుటపడింది. తప్పు నాది కాదన్నమాట.

"ఆముదం పోసిండు సేటూ. నూనె తగిలితే లైనింగు పట్టది."

సేటు మొహం ఎర్రబడింది. "గొర్లు కాసేటోని చేతికి స్టీరింగిచ్చిన, నాదే బుద్ధి తక్కువ. ఇగ వాడు నా గడప తొక్కద్దు."

నేను అన్న మాటలో అబద్ధం లేదు. సగం మాత్రమే అన్నాను. మిగతా సగం నోట్లోనే ఉంచుకుని చేతులు కడుక్కున్నాను.

సాయంత్రం దవాఖానాకు వెళ్లాను. రోగుల కోసం ప్రార్థన చేయడం నాకు అలవాటు, ఆ సాకుతోనే వెళ్లాను. మల్లయ్య కాలికి బద్దలు కట్టి ఉన్నాయి. తలాపున భార్య కూర్చుని ఉంది.

"సేటుతోని జెప్పినవంట గదా అన్నా, ఆముదం సంగతి."

"చెప్పిన."

"ఉన్నదే జెప్పినవ్. నేనే పోసిన. మా నాయన బండి ఇరుసు ఒర్రితే ఆముదం పోస్తుండె. గదైనా చక్రమే, గిదైనా చక్రమే అనుకున్న." మోచేతి మీద కొంచెం లేచాడు. "అన్నా, ఒక్కటడుగుత. గది ఎందుకు ఒర్రింది?"

మొదటి దినం నుంచీ అతను అడుగుతున్నది అదే. ఇక తప్పించుకునే దారి లేదు.

"లైనింగు అంచులు ఆకురాయితోని అరగదీయాలె. నేను తియ్యలె."

"తీస్తే?"

"ఒర్రకపోతుండె."

"శానసేపు పడ్తదా గా పని?"

"చక్రం ఇప్పినంక జరసేపు."

"గంతేనా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. అతని భార్య మొహం గోడవైపు తిప్పుకుంది.

"నూనె రాయాల్నా అని అడిగిన. నీకు ఇనబడలేదేమో అనుకున్న."

"ఇనబడ్డది మల్లయ్యా."

నేను ప్రార్థన చేయలేదు. ఆ మంచం పక్కన మోకరించడానికి నాకు అర్హత లేదనిపించింది. సహోదరునికి నీ మీద ఏదైనా ఉంటే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి ముందు అతని దగ్గరికి వెళ్లాలన్న క్రీస్తు మాట మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో. నేను మాత్రం సహోదరుణ్ణి దారిలో విడిచి అర్పణ దగ్గరికి పరుగెత్తాను. పైగా దానికి దేవుని పని అని పేరు పెట్టాను.

మర్నాడు మొదటి రైలుకే తాండూరు వెళ్లాను. గంజిలో హమాలీలు బస్తాలు మోస్తుండగా, వాళ్లందరూ వినేటట్టే మిగతా సగం చెప్పాను. సేటు లెక్కల పుస్తకం పక్కన పెట్టాడు.

"అయితే బండి పని ఇడిసిపెట్టి రమ్మని మీ దేవుడే జెప్పిండా?"

"చెప్పలేదు సేటూ. నేనే ఆయన పేరు చెప్పుకున్న."

హమాలీల్లో ఎవరో నవ్వారు. నేను తలవంచుకున్నాను. నా మీద వచ్చిన నవ్వయితే ఓర్చుకునేవాణ్ణి. అది నా ప్రభువు పేరు మీద పడింది.

"వాని కాలు అతకనీ, అప్పుడు జూద్దాం," అన్నాడు సేటు. కాలు అతికింది. నేను మళ్లీ వెళ్లి అడిగాను, పాస్టరుగారు కూడా నాతో వచ్చి అడిగారు. చివరికి లారీ తిరిగి మల్లయ్య చేతికి వచ్చింది.

అతను మరో షెడ్డుకు పోతాడనుకున్నాను. నా దగ్గరికే వచ్చాడు. కానీ అంతకుముందులా బండి విడిచి చాయ్ తాగడానికి పోలేదు. చక్రం విప్పింది మొదలు డ్రమ్ము మూసేదాకా నా భుజం పక్కనే నిలబడ్డాడు. "అంచులు తీసినవా?" అని అడిగాడు. తీసిన షూలు అతని చేతికిచ్చాను. వేలితో అంచు తడిమి చూసి తిరిగిచ్చాడు. ఆ తర్వాత ఎన్ని ఏండ్లు వచ్చినా అట్లాగే చేశాడు. నేను నొచ్చుకోలేదు.

బండి కూసినా, మనిషి మొరపెట్టినా, చిన్నదని నవ్వి పంపకూడదని నాకు తెలిసింది అక్కడే. పనిలో తెలిసిన మాటను అడిగినవాడికి చెప్పకుండా పోవడం కూడా దొంగతనమేనని తెలిసింది.

ఇది చదివిన సహోదరులారా, సహోదరీలారా, మీరున్న చోటనే ఒక్క నిమిషం నాతో కూడా తల వంచండి. ప్రభువా, ఆ దినం మలుపులో బండ్ల మీద ఉన్నవాళ్లను మల్లయ్య చేతులతో కాపాడినందుకు నీకు స్తోత్రం. అతని ఇంటిని, అతని పిల్లలను దీవించు. నీ పేరు చెప్పి మేము ఎవరినైనా గడప దగ్గరే నిలబెట్టి వచ్చి ఉంటే, మమ్మల్ని మందిరంలో కూర్చోనివ్వకు. లేపి వాళ్ల దగ్గరికి పంపు. ఆమేన్.