పక్కసీటు కింద సొట్ట

సతుర్నినో ఎవర్నీ నమ్మడు. మాంసం తూస్తుంటే కొట్టువాడి బొటనవేలు ఎక్కడుందో చూస్తాడు. ఫాదర్ ఊరికే పలకరిస్తే చందాకేమో అనుకుంటాడు. పాపం, తప్పు అతనిది కాదులెండి, చేసిన పని అలాంటిది. పంపా మైదానంలో మట్టిరోడ్ల మీద ఊళ్లు దాటుతూ సాగే కారు పందేల్లో ఎవరిస్తో అనే స్నేహితుడు స్టీరింగ్ పట్టుకుంటే, పక్కసీట్లో కూర్చున్నది ఇతనే. టైరు అరుగుతోందా, ఇంజన్ వేడెక్కుతోందా, వెనక దుమ్ములో ఎవడొస్తున్నాడు? అన్నిటినీ అనుమానించడమే పక్కసీటువాడి ఉద్యోగం.

వాళ్ల నల్ల సెడాన్ తందిల్ పందెం గెలిచింది, ఒలవర్రియాలో రెండో స్థానంలో వచ్చింది, చివరికి ఇంజన్ పేలి పాతసామానుకు పోయింది. ఎవరిస్తో చనిపోయాక దానికి గిరాకీ పుట్టింది. రెండుసార్లు ఎవరెవరో "ఇదే ఆ కారు" అంటూ పట్టుకొచ్చారు. రెండుసార్లూ సతుర్నినో అది నకిలీదని అందరి ముందూ తేల్చేశాడు. కారణం చూపకుండా ఔననీ కాదనీ అనకూడదని పాతకార్ల క్లబ్బులో నియమం పెట్టించిందీ అతనే.

ఇప్పుడు రొసారియో నుంచి లెయాండ్రో అనే వ్యాపారి మూడోది తెచ్చాడు. ఆదివారం పాతకార్ల ఊరేగింపు. సతుర్నినో ఔనంటేనే తలుపు మీద పాత నంబరు వేస్తారు, మైకులో ఎవరిస్తో పేరు చదువుతారు. ఎవరిస్తో భార్య ఎర్మెలిందా ఆ మాట కోసమే మాతే అనే ఆకుటీ గిన్నె పట్టుకుని పొద్దుటినుంచీ క్లబ్బు వాకిట్లో కూర్చుంది.

"మసిపూసి మారేడుకాయ చెయ్యడం ఇది మూడోసారి," అన్నాడు సతుర్నినో కారు చుట్టూ తిరుగుతూ. "మరీ ఇంతలా మెరుస్తోందేంట్రా?"

"ఎక్కి చూడు తాతా, కరవదులే!"

"నీలాంటోళ్లని చాలామందిని చూశాను. కాకమ్మ కబుర్లు ఆపు."

ఎక్కి, కాలు చాపాడు. మడమ సరిగ్గా ఒక గుంటలోకి దిగింది. రబ్బరు చాప ఎత్తి చూశాడు.

"ఆ సొట్టా?" అన్నాడు లెయాండ్రో. "రాయి తగిలితే పైకి లేవాలి. ఇదేమో కిందికి కుంగింది. ఎందుకో అర్థంకాక అలాగే వదిలేశా."

సతుర్నినోకు అర్థమైంది. పక్కసీటుకు బ్రేకు ఉండదు. అయినా ప్రతి మలుపులోనూ ఆ లేని బ్రేకును ప్రాణభయంతో తొక్కీ తొక్కీ రేకు కుంగదీసింది తన మడమే. బారులో ఇన్నేళ్లూ "భయమా? అదెలా ఉంటుందిరా?" అని మీసం మెలేసింది కూడా తనే. కాదని దిగిపోతే పోయేదేం లేదు, ఎవరికీ తెలియదు. అద్దంలోంచి ఎర్మెలిందా కనిపించింది. ఆమె మాతే తాగడం మానేసి ఇటే చూస్తోంది.

"ఇదే," అన్నాడు.

"కారణం?" అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు. "నీ నియమమేగా సామీ!"

"ఈ సొట్ట నాది. లేని బ్రేకు తొక్కేవాణ్ణి. భయంతో. చాలా? ఇంక నవ్వుకోండి!"

నవ్వారు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఎర్మెలిందా ఒక్కతే నవ్వలేదు.

"ఆయనకు తెలుసు మరిదీ," అంది.

"జాలిపడి అంటున్నావా వదినా?"

"జాలా, నీ మొహమా! రేకు సరిచేస్తానన్న మెకానిక్ మీద ఆయన ఇంతెత్తున లేచాడు. 'ముట్టుకోకు. ఆ మడమ దెబ్బ అదురు తెలిస్తేనే నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేది. వాడికి నిజంగా భయం లేకపోతే మా ఇద్దరికీ ఎప్పుడో గోరీలు కట్టేవాళ్లు' అన్నాడు."

సతుర్నినో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంక దిగు తాతా, నంబరు వెయ్యాలి," అన్నాడు లెయాండ్రో.

"వేసుకో. నేను దిగను. ఆదివారం తోలేది నువ్వేగా? నా మడమ దెబ్బ తెలిస్తే కాలు తియ్యి."