ఆపరేటర్ సార్‌కు నేను చదవని రెండు వాక్యాలు

ఆపరేటర్ సార్ పోయిన సంగతి మా గ్రూపుకు ఆయన భార్యే చెప్పింది. ఆమెకు టైపు చేయడం రాదు. ఆయన ఫోన్ నుంచే వాయిస్ మెసేజ్ పెట్టింది.

"సార్ పొద్దుగాల్ల పోయిండు. గుండె ఆగింది. గీ ఆదివారం సినిమా వెట్టకుండ్రి."

అంతే. వెనక ఎవరో ఏడుస్తున్నారు. ఆమె గొంతులో మాత్రం ఏడుపు లేదు.

మా గ్రూపులో నేనూ, మరో ఇద్దరు ముగ్గురూ తప్ప అందరూ చూపు లేనివాళ్లే. సార్ పుట్టుకతోనే చూపు లేనివారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేశారు. బయటి నుంచి వచ్చిన ఫోన్‌ను లోపల ఎవరికి కావాలో వాళ్లకు కలపడం ఆయన పని. ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయినా ఆపరేటర్ అన్న పేరు పోలేదు. కరోనా రోజుల్లో ఇళ్లలో ఒంటరిగా కూర్చున్న తనలాంటి వాళ్లను ఒక్కొక్కరినీ ఫోన్‌లోనే వెతికి పట్టుకొని ఈ గ్రూపు కట్టారు. ఆ మరుసటి సంవత్సరం, ఫిలిం ఫెస్టివల్ పెడదామన్నారు.

"గుడ్డోళ్లకు సినిమా పండుగేంది సార్?" అని గ్రూపులో ఒకాయన నవ్వాడు.

"నీకు పెండ్లెందుకయింది మరి? పిల్ల మొకం చూసి చేసుకున్నవా?" అన్నారు సార్.

ఐదు రోజులు, రోజుకొక చిన్న సినిమా, మధ్యాహ్నం మూడు గంటలకు. ఎవరింట్లో వాళ్లు ఫోన్ పట్టుకొని కూర్చుంటారు. సార్ ఫోన్‌లో నడిచే సినిమా శబ్దం అందరికీ వినిపిస్తుంది. మాటలకూ మాటలకూ మధ్య దొరికే ఖాళీలో, తెర మీద ఏం జరుగుతోందో చూపున్న ఒకరు చెప్తారు. ఆ చెప్పే పని నాకొచ్చింది. నిజామాబాద్‌లో చూపులేని విద్యార్థుల కోసం నేను పాఠాలు చదివి రికార్డు చేసేదాన్ని. అట్లా ఎవరో నా నంబర్ ఇచ్చారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. ఇక్కడ నా ముఖం ఎవరూ చూడరు కదా అన్న ధైర్యంతోనే ఒప్పుకున్నాను. ఆ మాట సార్‌తో అన్నాను కూడా.

"మంచిదే. నీ మొకంతోని మాకేం పని," అన్నారు.

రెండు వారాలు ఫోన్‌లో నేర్పారు. కిటికీ దగ్గర నిలబెట్టి, వీధిలో కనబడేది చెప్పమనేవారు. మొదటి రోజే, ఒక ముసలాయన దీనంగా నడుస్తున్నాడని చెప్పాను.

"దీనంగ అంటే ఏంది? కాళ్లు ఈడుస్తుండా? చెప్పుల్లేవా? నడుం వంగిందా?"

"చెప్పులున్నాయి సార్. ఒకటి తెగింది. వేలితో పట్టుకొని నడుస్తున్నాడు."

"గది చెప్పు. నీ దీనం నాకొద్దు. ఆయన చెప్పు తెగిందని తెలిస్తే దీనమో కాదో మేం చూస్కుంటం."

అందంగా అనకూడదు. విచారంగా అనకూడదు. పాపం అన్న మాట నోట్లోంచి వస్తే ఫోన్ పెట్టేసేవారు, ఆ పూటకు మళ్లీ ఎత్తేవారు కాదు. నేను ఏడ్చిన రోజులున్నాయి. ఏడుస్తున్నానని తెలిసినా ఆగేవారు కాదు. "ముక్కు తుడుస్కో. మైకుల ఇనవడుతది," అనేవారు. తెర మీద రాత కనబడితే, అది ఎంత చిన్నదైనా చదవాలి. చూపున్నవాళ్లకు దొరికేదాంట్లో ఒక్క ముక్క కూడా మిగుల్చుకోవద్దు. ఇదొక్కటే ఆయన రెండుసార్లు చెప్పిన సంగతి.

ఫెస్టివల్ మొదటి రోజు ఒక సినిమాలో ఆవిడెవరో గిన్నెలు తోముతోంది. పాత చీర కట్టుకుందని చెప్పాను. రుద్రూర్‌లో కిరాణా దుకాణం నడిపే అక్క మధ్యలోనే అడిగింది.

"ఏం రంగు?"

ఆమె కూడా పుట్టినప్పటి నుంచీ రంగు చూడలేదు. నేను తడబడ్డాను.

"రంగుతోని నాకేం పనిలేదు చెల్లే. కాని ఉన్నది గదా. నా వాటా నాకియ్యి."

ఆకుపచ్చ అని చెప్పాను. సార్ నవ్వడం ఆరోజే మొదటిసారి విన్నాను.

నాలుగో రోజు సినిమా సార్ కనబడేదే. ఎండాకాలంలో హైదరాబాద్ నుంచి ఒక యువకుడు ఇద్దరు ముగ్గురు స్నేహితులతో వచ్చి, మూతపడిన ఫ్యాక్టరీ మీద పదిహేను నిమిషాల సినిమా తీశాడు. అందులో సార్‌తో మాట్లాడించాడు. తానే దాన్ని మా ఫెస్టివల్‌కు పంపాడు. సార్ వారం ముందు నుంచే అందరికీ చెప్పారు. "నాల్గో దినం నేనే హీరో. ఎవ్వలన్న రాకుంటే పేరు కొట్టేస్త." ముందు రోజు నాకు విడిగా ఫోన్ చేశారు. ఆ రోజు గొంతులో వెటకారం లేదు.

"అరవై ఏండ్లు దాటినయ్ బిడ్డా. నేనెట్ల కనవడ్తనో నాకు ఎవ్వలు చెప్పలే. మా ఇంటామె మంచిగున్నవ్ అంటది. అందరి ఇంటామెలు గదే అంటరు. నువ్వు రేపు నాకు నన్ను చూపియ్యాలె."

చూపిస్తానన్నాను.

మరునాడు పొద్దున్నే ఆ సినిమా ముందుగా చూశాను. మధ్యలో సార్ ఒక పాత టెలిఫోన్ బోర్డు ముందు కూర్చొని, దాని మీద వేళ్లు కదుపుతూ, ఏ నంబరు ఎవరిదో ఒక్కటీ తప్పకుండా చెప్తుంటారు. ఫ్యాక్టరీలో ఆయన వాడిన బోర్డే దొరికిందని చెప్పి ఆ కుర్రాళ్లు ఆయన్ని కూర్చోబెట్టారు. కెమెరా మెల్లగా వెనక్కి తిరుగుతుంది. బోర్డు వెనక ఏమీ లేదు, వైర్లు కూడా లేవు, ఉత్త చెక్క పెట్టె. సార్ చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు, ఒక అంచు మెడ దగ్గరికి ఎక్కింది. వెనక నిలబడ్డ కుర్రాడొకడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకుంటున్నాడు. అప్పుడు తెర మీద, ఏ శబ్దమూ లేకుండా, రెండు వాక్యాలు వస్తాయి. ఇది ఆయన పనిచేసిన బోర్డు కాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు.

నాలుగుసార్లు చూశాను. మూడు గంటలయ్యేసరికి ఏం చేయాలో తేల్చుకున్నాను. నిజం చెప్పాలంటే, నాలుగుసార్లు చూడాల్సినంత పని కూడా లేదు. మొదటిసారే తేల్చుకున్నాను.

ఆ చోటు వచ్చింది. సినిమాలో సార్ మాట ఆగింది. శబ్దం లేదు.

"సార్ బోర్డు ముందు కూర్చున్నారు. వేళ్లు బోర్డు మీద ఉన్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది," అన్నాను.

సినిమా ముందుకు పోయింది. కానీ సార్ ఆపించారు.

"పది సెకన్లు సప్పుడు లేదు. సినిమా తీసేటోడు ఉత్తగనే పది సెకన్లు ఊకోడు. ఏం రాసి ఉన్నది?"

"ఏం లేదు సార్."

"ప్రశాంతంగ అన్నవ్. నీ నోట్లె నుంచి అసొంటి మాట ఎప్పుడొస్తదో నాకు ఎరుకే. ఏం రాసిన్రు?"

"ఏం లేదు సార్," అని మళ్లీ అన్నాను. గ్రూపంతా వింటోంది.

సార్ పక్కనున్న భార్యను పిలిచారు. "ఇగో, గిటు రా. ఎనుకకు జరిపి సూడు. ఏమన్న రాసుంటే సదువు."

ఆయన భార్య పెళ్లయ్యాక రాత్రి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న మనిషి. ఒక్కో అక్షరం కూడబలుక్కొని చదువుతుంది. ఆరోజు అందరూ వింటుండగా అట్లాగే చదివింది. "ఇ, ది. ఆ, య, న." అని మొదలుపెట్టింది. ఏం చదువుతున్నదో ఆమెకు వాక్యం పూర్తయ్యాకే అర్థమవుతుంది. మొదటిది అయ్యాక ఆగింది. "సదువు," అన్నారు సార్. రెండోది ఇంకా మెల్లగా చదివింది. 'తెలియదు' దగ్గర ఆమె గొంతు పోయింది. మిగిలిన అక్షరాలు గాలిలాగా వినబడ్డాయి.

అప్పుడు సార్ నవ్వారు.

"నాకు తెల్వదంట," అన్నారు. "నా బోర్డు ఇనుముది. గది చెక్కది. ముట్టుకోంగనే తెలిసింది. పిలగాడు అంత దూరం నుంచి మోసుకొచ్చుకున్నడని ఊకున్న. వాడు నవ్వుకోవాలంటే నవ్వుకోనీ, వానిది వానికే." తర్వాత నాతో అన్నారు. "నువ్వు మాత్రం నా ముంగట తలుపేసినవ్ బిడ్డా."

క్షమించమన్నాను.

"రేపటి సినిమాకు వేరేటోళ్లు చెప్తరు," అన్నారు. నా మైకు మూసేశారు.

ఐదో రోజు సినిమా చెప్పింది డిచ్‌పల్లి యూనివర్సిటీలో చదివే ఒకమ్మాయి. నాకంటే బాగా చెప్పింది. రుద్రూర్ అక్క ఆమెను మెచ్చుకుంది, నేను వింటున్నానని తెలిసే.

పది రోజులకు ధైర్యం తెచ్చుకొని సార్‌కు ఫోన్ చేశాను. ఎత్తారు. మీ మనసు నొప్పించకూడదనే చదవలేదని చెప్పాను. ఎంతో జాగ్రత్తగా, ముందే కాగితం మీద రాసుకొని చెప్పాను.

"నా మనసు సంగతి ఇడిసిపెట్టు," అన్నారు. "నువ్వు సదివితే మా ఇంటామెకు సదివే పనే పడకపోతుండె. ఆమె నోటి నుంచి వచ్చింది వాపస్ తీస్కుంటవా?"

జవాబు కోసం ఆగకుండా ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత దాదాపు ఏడాది, ఫెస్టివల్ అయ్యాక గ్రూపులో మొదలుపెట్టిన ఆదివారం సినిమాలు వింటూనే ఉన్నాను. నా పేరు ఆయన ఒక్కసారి కూడా తలవలేదు. మళ్లీ చెప్తానని నేనూ అడగలేదు. అడుగుతాననే అనుకుంటూ ఉండగా వాయిస్ మెసేజ్ వచ్చింది.

దయ లేకుండా చూడటం నాకు నేర్పిన మనిషి ఆయన. నేను చదివిన కాన్వెంటులో మాకు ఎప్పుడేం అనకూడదో నేర్పారు. ఆ చదువు బాగానే వంటబట్టింది. ఆయన చదువు వంటబట్టడానికి ఆలస్యమైంది. అయినా నేనిప్పుడు ఒక వాక్యం రాసి, అందులో అక్కర్లేని మాట కొట్టేసే ప్రతిసారీ ఆయన ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడుతుంది. అందుకు కృతజ్ఞురాలిని. అది చెప్పే వీలు ఆయన నాకివ్వలేదు.

బస్సు దిగి సార్ ఇంటికి వెళ్లేసరికి పదకొండయింది. సార్‌ను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. రుద్రూర్ అక్క అప్పటికే వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంది. వాకిట్లో నా గొంతు విని గుర్తుపట్టిందో, ఎవరైనా చెప్పారో, నా మణికట్టు పట్టుకొని కిందికి లాగింది. ఆమె రెండో చేతిలో ఫోన్ ఉంది. గ్రూపు వాళ్లంతా కాల్‌లో ఉన్నారు.

"కాళ్లు ముట్టిన. సల్లగున్నయ్," అంది. "మీదికి ముట్టనిస్తలేరు. నువ్వు చెప్పు. అందరు ఇంటుండ్రు."

నేను సార్ భార్య వైపు చూశాను. ఆమె తల దగ్గర కూర్చుంది. గోడ దగ్గర నిలబడ్డ బంధువు ఒకాయన, "గిదేం పద్ధతమ్మా, పీనుగ ముంగట ఫోన్ల ముచ్చట్లు," అన్నాడు.

"చెప్పనియ్యి," అందామె. తర్వాత నా వైపు తిరిగింది. "గీసారి నాతోని చెప్పియ్యకు బిడ్డా."

మొదలుపెట్టాను. గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ కట్టారని చెప్పాను. ముడి ఎడమ చెవి పైన ఉంది. ముక్కులో దూది పెట్టారు, కుడివైపు దూది అంచు ఎర్రబడింది. గడ్డం గీసి మూడు నాలుగు రోజులైనట్టుంది, వెంట్రుకలన్నీ తెలుపే. పెదవులు నల్లబడ్డాయి. నుదుటి మీద పెట్టిన రూపాయి బిళ్ల పక్కకు జారింది. మెడ మీద ఒక ఈగ వాలింది, ఎవరో తోలారు, మళ్లీ వాలింది.

"కండ్లు?" అని ఫోన్‌లో ఒక మగగొంతు అడిగింది.

ఎడమ కన్ను మూసి ఉందని చెప్పాను. కుడిది సగమే మూతపడింది, సందులో తెల్లగా కనబడుతోంది. ఆయన భార్య ఆ రెప్ప మీద వేలు పెట్టి కిందికి దించింది. కాసేపు అట్లాగే పట్టుకొని, తీసింది. రెప్ప మెల్లగా పైకి లేచింది. ఆమె మళ్లీ మూసింది. అది మళ్లీ తెరుచుకుంది. రెండూ చెప్పాను.