గేటు బయటి మర్యాద: మా మంగతాయారు అక్కయ్య

కొత్తపేటలో మొక్కజొన్న పిండి గోదాము స్థాపించి, నిర్వహించి, దానికి నలుదిక్కులా కీర్తి తెచ్చిన మా తోడికోడలు మంగతాయారు గారు గత శుక్రవారం ఉదయం అమలాపురం ఆసుపత్రిలో పరమపదించారు. జీవితమంతా బడిపిల్లల వాక్యాలు దిద్దినదాన్ని. ఈ ఒక్క వాక్యాన్ని దిద్ది మార్చే వీలుంటే ఎంత బాగుండును! గురువారం సాయంత్రం కూడా మంచం మీద నుంచే విశాఖ రేవుకు ఫోన్ చేసి, కొత్త కంటైనర్ పరీక్షల ఫలితం వచ్చిందా అని గదమాయించిన మనిషి. తెల్లారేసరికి లేరంటే నమ్మమని నా మనసుకు ఎలా చెప్పను?

ఆ ఇంటికి ఆవిడ పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. తోడికోడళ్లు కలిసి వ్యాపారం పెట్టారంటే పలివెల నుంచి పి.గన్నవరం దాకా నవ్వనివాళ్లు లేరు. ఏడాది తిరక్కుండా జుట్లు పట్టుకుంటారని పందేలు కూడా కాశారట. పట్టుకోవడానికి జుట్టు దొరికితే కదా! గోదాములో అడుగుపెడితే మా ఇద్దరి జుట్లూ టోపీల్లోనే ఉండేవి.

అక్కయ్య బి.యస్సీ. చదివారు. బావగారితో కువైట్ వెళ్లి, అక్కడొక ఆహార పదార్థాల గోదాములో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేశారు. తిరిగొచ్చాక, విదేశం నుంచి మొక్కజొన్న పిండి తెప్పించి సరఫరా చేద్దామని ప్రతిపాదించారు. మన దగ్గర మొక్కజొన్నకు కరువా అని నేనే ఎగతాళి చేశాను.

"కరువు లేదే శారదా. మనకి తెలిసిన మిల్లుల్లో పొద్దున్న గోధుమలాడతారు, మధ్యాహ్నం అందులోనే మొక్కజొన్నాడతారు. గోధుమ రవ్వంత కడుపులోకెళ్లినా పేగులు పుండైపోయే పిల్లలున్నారే. వాళ్లకి గోధుమ గుమ్మం తొక్కని మిల్లు పిండే కావాలి" అన్నారు. అలాంటి మిల్లును సముద్రాల అవతల వెతికి పట్టుకున్నారు.

ఆ వ్యాపారం తపస్సు లాంటిది. ఓడ దిగిన పిండి నుంచి ఆహార భద్రతా శాఖవారు నమూనా తీసి, పరీక్షించి, సరేననేవరకు బస్తా కదలదు. తేమ కాస్త ఎక్కువైనా, లేబుల్ మీద రాయవలసింది రాయకపోయినా సరుకు రేవులోనే ఉండిపోతుంది. నేను విసుక్కునేదాన్ని. ఆవిడ నవ్వేవారు. "రూలు మన మీద పగబట్టలేదే. మనకి కనపడని పిల్లాడి తరఫున మాట్లాడుతోంది, అంతే" అనేవారు.

గోదాము వెతికే రోజుల్లో బంధువొకాయన తన కొబ్బరి కొట్టు ఊరికే ఇస్తానన్నారు. అక్కయ్య లోపలికెళ్లి ఒక్కసారి గాలి పీల్చి బయటికొచ్చేశారు. పిండికి ఎండుకొబ్బరి కురిడీల వాసన పట్టేస్తుందన్నారు. "కొబ్బరి వాసన చెడ్డదేంటమ్మా, మన సీమ వాసనే కదండీ!" అని ఆయన నొచ్చుకున్నారు. కోనసీమలో కొబ్బరి వాసన వద్దన్న కోడల్ని చూడడానికి ఆ వారమంతా మా ఇంటికి జనం వచ్చారు.

ఆవిడ జీవితకాల శత్రువు కల్తీ కాదు, ఎలుక కాదు, మొహమాటం. మన ప్రాంతంలో గడపలోకొచ్చిన మనిషిని తినకుండా పంపడమంటే తల తీసేసినట్టే కదా. ఆ మర్యాదే మొదటి కంటైనర్ నాడు మా కొంప ముంచబోయింది.

బావగారి కువైట్ కష్టార్జితమంతా ఆ కంటైనర్‌లోనే ఉంది. గోధుమ పడని పిల్లలకు ఆహారం తయారుచేసే హైదరాబాద్ కంపెనీ ఒకటి మా పిండి కొనాలని వచ్చింది. వాళ్లు పంపిన తనిఖీ అధికారి టోపీ పెట్టుకుని, పాదాలకు తొడుగులు వేసుకుని, బస్తా విప్పించి నమూనా తీసుకుంటున్నాడు. ఇంతలో మా మామగారు రామ్మూర్తి గారు, పట్టుపంచె కట్టుకుని, చేతిలో పెద్ద పెట్టెతో నవ్వుతూ లోపలికి వచ్చేశారు. గేటు దగ్గర ఆయనను ఆపే ధైర్యం ఎవరికుంటుంది?

"ఎండనపడొచ్చేరు బాబుగారు, నోరు తీపి చేసుకోండాయ్!" అని అధికారికీ, బస్తాలు మోసే జట్టువాళ్లకూ తలా ఒకటి పంచారు. అవి మడత కాజాలు. నిలువెల్లా మైదా!

ఆ అధికారి కూడా మర్యాదస్తుడే, కాదనలేక కొరికాడు. పొర ఒకటి రాలి, విప్పిన బస్తా అంచు మీద పడింది. దులిపేస్తే పోయేదే. అధికారి నోట్లో కాజాతోనే, "నేను చూడలేదనుకోండి మేడమ్" అన్నాడు.

"మీరు చూడకపోయినా పిల్లాడి పొట్ట చూస్తుందండి" అన్నారు అక్కయ్య. బస్తా మూతి కట్టేశారు. "ఇవాళ తనిఖీ ఇంతటితో ఆపండి. ఈ వరుస బస్తాలు మీకివ్వను. గోదామంతా కడిగించి, మిగిలిన సరుకు మళ్లీ పరీక్ష చేయించేకే మిమ్మల్ని పిలుస్తాను."

అధికారి వెళ్లిపోయాడు. బేరం పోయినట్టేనని నేను ఏడ్చాను. మామగారు ఆ పూట అన్నం ముట్టలేదు. అక్కయ్యే కంచం పట్టుకెళ్లి ఆయన ముందు కూర్చున్నారు.

"తినండి మామయ్యగారూ. మీ మర్యాదలో తప్పు లేదండి. చోటే తప్పు. మర్యాద గేటు బయట, పిండి గేటు లోపల. అలా పెట్టుకుందాం."

గోదాము కడిగించారు. పక్కన పెట్టిన బస్తాలను, గోధుమ తగిలిందని చెప్పి మరీ, ఒక నూడుల్స్ హోటల్‌కు అమ్మేశారు. మిగిలిన సరుకు పరీక్షలో నెగ్గింది. కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తప్పు జరగలేదని చెప్పే గోదాములు చాలా చూశామనీ, తప్పు కళ్లపడగానే తన సరుకు తానే ఆపుకున్నది ఇదొక్కటేననీ వాళ్లు చెబుతుంటే, అక్కయ్య ఫోన్‌ను మామగారి చెవి దగ్గర పెట్టారు. ఆయన ఏమీ అర్థం కాకపోయినా "ఆయ్, ఆయ్" అంటూ కళ్లు తుడుచుకున్నారు. ఆనాటి నుంచి నేటి వరకు ఆ కంపెనీ మమ్మల్ని వదల్లేదు.

గేటు బయట మామగారే దగ్గరుండి సిమెంటు అరుగు కట్టించారు. పైన తాటాకు పందిరి, పక్కన చేతులు కడుక్కునే కుళాయి. దాని పేరు మర్యాద అరుగు. జొన్నాడ వంతెన దాటి వచ్చే లారీ డ్రైవర్లకు మజ్జిగ, కాజా, కొబ్బరినీళ్లు అన్నీ అక్కడే. తిని, కడుక్కుని, బట్టలు దులుపుకుని, టోపీ పెట్టుకుంటేనే లోపలికి ప్రవేశం. సాక్షాత్తూ సత్యనారాయణస్వామి ప్రసాదం తెచ్చిన పురోహితుల వారిని కూడా అక్కయ్య అరుగు మీదే ఆపారు. "గోధుమనూకతో చేసింది కదండీ, స్వామికైనా ఇదే దారండి" అని కళ్లకద్దుకుని తిని, పుక్కిలించి లోపలికి వెళ్లారు. ఆయన నొచ్చుకోలేదు సరికదా, మరుసటి నెల రెండు అరటాకుల నిండా తెచ్చారు.

ఆసుపత్రిలో చేరాక ఆవిడను పీడించిన చింత ఒక్కటే. "నేను పోయేక మీరంతా మొహమాటపడిపోతారే. పెద్దవాళ్లొచ్చేరనో, దేవుడనో, పోనీ ఈ ఒక్కసారికనో గేటు తీసేస్తారు. నాకు తెలుసు" అనేవారు. అలా జరగదని నేను చేతిలో చెయ్యేసి చెప్పాను. నమ్మినట్టు లేదు.

ఇక ఆ చివరి ప్రయాణం. బంధువులంతా ఒక్క మాట మీద, ఆ మహాతల్లిని తన గోదాములో ఒక్కసారి తిప్పి తీసుకెళ్దామన్నారు. పాడె గేటు ముందు ఆగింది. దాని మీద పూలు, బుక్కా, పసుపు, చల్లిన పేలాలు. నేను బావగారి వైపు చూశాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు. వద్దనడానికి ఎవరికి నోరు వస్తుంది? మాటిచ్చిన నాకే రాలేదు.

కర్ర ఊతంగా మా మామగారు ముందుకు వచ్చారు. గేటుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఇక్కడే దింపండి" అన్నారు.

"మీ పెద్దకోడలేనండీ! ఆవిడ కట్టిందే కదండీ ఇదంతా!" అన్నారెవరో.

"అందుకేనండి" అన్నారాయన. "మర్యాద గేటు బయటండి."

మర్యాద అరుగు మీద ఆవిడను దింపారు. గేటు లోపల జట్టువాళ్లంతా చేతులు కడుక్కుని, టోపీలు పెట్టుకుని, వరుసగా నిలబడి నమస్కరించారు. ఒక్క పూరేకు గేటు దాటలేదు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది, దానితోపాటే గర్వమూ పొంగుకొచ్చింది. అక్కయ్యా, నీ లోటు తీర్చేవాళ్లు మళ్లీ పుట్టరు. కానీ నువ్వు గెలిచావు. నీకోసం కూడా గేటు తియ్యలేదు.