బావగారి తుపాకి అర్జీ

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం, రెండోది మా బావగారు బతికి ఉండటం. మార్కాపురంలో పుట్టినదాన్ని కాబట్టి పెళ్లికి ముందు పలకలు నున్నగా రుద్ది చెక్కలు బిగించే పని చేశాను. నా చేతుల మీదుగా ఎన్ని పలకలు పిల్లల సంచుల్లోకి వెళ్లాయో లెక్క లేదు గానీ, ఒక్కదాని మీదా నేను ఒక అక్షరం దిద్దింది లేదు. నలభై దాటాక, ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెబుతామని ఎవరో వస్తే, మా వయసు ఆడవాళ్లం బడి వరండాలో కూర్చుని నేర్చుకున్నాం. మీలో కొందరికి ఆ వరండాలు గుర్తుండే ఉంటాయి. బావగారు పోయి ఏడాది దాటింది.

మొన్న పేపరు చూస్తుంటే (నేను ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను), అమెరికాలో తుపాకి కొనేవాడి గురించి ముందుగా విచారించాలని ఒక చట్టం తేబోతున్నారని కనిపించింది. ఒక్కడే వెళ్లి ఎందరినో కాల్చి చంపడాలు దానితో ఆగుతాయని కొందరు, ఆగవని కొందరు వాదించుకుంటున్నారట. పోలీసులను అడుగుతారట, కోర్టు కాగితాలు చూస్తారట. ఆ మనిషికి అన్నం పెట్టేవాళ్లను అడుగుతారో లేదో మాత్రం రాయలేదు.

నేను కాపురానికి వచ్చిన ఊరు యర్రగొండపాలేనికి అవతల, అడవి అంచున ఉంటుంది. మా తాలూకాను కర్నూలు నుంచి తీసి, కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలో కలిపిన రోజులవి. ఒంగోలు ఎటువైపో కూడా మాలో చాలామందికి తెలియదు. అడవిపందులు వేరుశనగ చేలను దున్నినట్టు తవ్విపోసేవి. పంట కాపలాకు తుపాకి కావాలని బావగారు, అంటే మా ఆయన అన్నగారు, కర్నూలులో పెట్టుకున్న అర్జీ ఏమైందో తెలియక, ఒంగోలుకు మళ్లీ పెట్టుకున్నారు.

పందుల బాధ నిజమే. అయితే చేను గట్టు గురించి మా చిన్నమామ కొడుకుతో తగాదా కూడా అంతే నిజం. ఆ ఇంట్లో ఐదుగురు: మొగుడూ పెళ్లాం, ముగ్గురు పిల్లలు, చివరిది ఇంకా చంటిది. ఒకరోజు గట్టు మీద మాటకు మాట పెరిగి ఇంటికి వచ్చిన బావగారు, అన్నం కలుపుతూ, గొంతు పెంచకుండా, “తుపాకి రానీ, ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా చేస్తా” అన్నారు. అత్త మజ్జిగ పోస్తోంది. నేను కూర గిన్నెతో తలుపు చాటున ఉన్నాను. ఆయన అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

తమ్ముడి భార్య బావగారితో మాట్లాడటం లేని ఇల్లు మాది. కాపురానికి వచ్చిన ఏడేళ్లలో ఆయనతో నేను ఒక్క మాట అనలేదు. ఏదైనా చెప్పవలసి వస్తే అత్తతో చెబితే, పక్కనే ఉన్న ఆయనకు వినపడేది.

కొన్నాళ్లకు విచారణకని ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చి పందిరి కింద మంచం మీద కూర్చుని, ఊరి పెద్దమనుషులను పిలిపించాడు. అర్జీదారు ఎట్లాంటివాడంటే బంగారం అన్నారు. “కోడికూరకు ఆశపడి చెప్తాండామనుకోవద్దు సారూ, ఇంకా ఉడకనే లేదు” అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. ఎవరితోనైనా గొడవలున్నాయా అంటే, దాయాదుల గొడవలు కూడా గొడవలేనా సారూ అన్నారు. తగాదా కేసు దాకా వెళ్లలేదు గనుక స్టేషన్లో కాగితమూ లేదు.

తుపాకి ఎక్కడ దాస్తారన్న ప్రశ్న వచ్చింది. తాళం పడే గది మా వాటాలో ఉంది. మా ఆయన మార్కాపురం పలకల గనుల్లో పనికి పోయి పక్షానికోసారి వచ్చేవాడు కాబట్టి నా వేలిముద్ర కావాలన్నారు. రాసినదాన్ని కానిస్టేబుల్ పైకి చదివాడు. అర్జీదారు శాంతస్వభావుడని, ఎవరిమీదా పగ లేదని, ఈ గదిలో తుపాకి భద్రంగా ఉంటుందని, ఇదంతా నాకు తెలిసి చెబుతున్నానని ఉంది. నా బొటనవేలికి ఇంకు పూశాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“ఏందమ్మా, ఒత్తు. అవతల నాకు బస్సు పోతది” అన్నాడు.

బావగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. నేను అత్త వైపు తిరిగి, “అత్తా, మొన్న అన్నం కాడ బావ ఏమన్నాడో సారుకు చెప్పు” అన్నాను.

అత్త కాదనవచ్చు, గుర్తు లేదనవచ్చు. కాని ఆమెకు కొడుకు మీద మాట పడటం కంటే పెద్ద బాధ లేదు. “ఏమే, పుల్లలు పెడతాండావా?” అని నన్ను కసిరి, కానిస్టేబుల్ వైపు తిరిగింది. “గట్టు కాడ మంటెక్కి, ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకుండా చేస్తా అన్నాడు నాయనా. అయితే ఏంది? మావాడు ఊరికే నోరు పారేసుకునే రకం కాదు. అన్నాడంటే చేసి తీరతాడు. ఊళ్లో ఎవరినన్నా అడుగు!”

ఈసారి ఎవరూ నవ్వలేదు. కానిస్టేబుల్ కలం మూత పెట్టి, “పెద్దమ్మా, నీ అంత వివరంగా ఎవరూ చెప్పలా” అని, కాగితం మడిచి, భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు. లైసెన్సు రాలేదు.

ఆ సాయంత్రమే పొయ్యిలు వేరయ్యాయి. బావగారు నన్ను ఒక్క మాట అనలేదు. తన కొడుకును నేను నలుగురిలో అల్లరి చేశానని అత్త చివరిదాకా అంటూనే ఉంది. ముసలితనంలో బావగారు, చిన్నమామ కొడుకు ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు కాల్చుకునేవారు. ఆయన నిజంగా అంత పనీ చేసేవారా అంటే నాకు తెలియదు. ఆ ఇంటివాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇళ్లలో కోడళ్లు బావగార్ల ఎదుట కుర్చీ వేసుకుని మాట్లాడుతున్నారు, అది మంచికే. అర్జీలు కంప్యూటర్లో పెడుతున్నారట. కాని ఎవరి గదిలో వాళ్లు, ఎవరి కంచం ముందు వాళ్లు తింటున్నప్పుడు, అన్నం కలుపుతూ మనిషి ఏమన్నాడో వినేవాళ్లు ఎవరుంటారు? ఆ తలుపు చాటు మళ్లీ రావాలని నేను కోరను. విచారణకు వచ్చేవాడు ఎవరిని అడుగుతాడా అని మాత్రం అనుకుంటాను.

కానిస్టేబుల్ వచ్చి వెళ్లిన మర్నాడు తెల్లవారుతుండగానే నేను ఖాళీ కిరసనాయిలు డబ్బా, కట్టె పట్టుకుని చేనికి వెళ్లాను. తుపాకి రాదని తేలాక పందులను తోలడం ఎవరికో ఒకరికి తప్పదు. గట్టు అవతల చిన్నమామ కోడలు చంటిదాన్ని చంకనేసుకుని అదే పని మీద ఉంది. “ఏందే, నువ్వొచ్చినావు? మీ బావ రాలా?” అని అడిగింది. నేను డబ్బా గట్టిగా కొట్టడం మొదలుపెట్టాను. ఆ మోతకు చంటిది ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడిస్తే, ఆమె నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది.