బండి కంటే ముందు తెగిన యాట

మా ఊళ్లో బండి కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొనని బండికి మూడుసార్లు దావత్ ఇచ్చినవాడిని మాత్రం నేనొక్కడినే. షాద్‌నగర్ చుట్టుపక్కల ఈ రికార్డును ఇంతవరకు ఎవరూ దాటలేదు. దాటేంత తెలివి తక్కువవాడు ఇంకా పుట్టలేదని మా అమ్మ నర్సింగమ్మ అంటుంది. ఆమెకు కొడుకంటే అంత గౌరవం.

నా పేరు ఎల్లేష్. పదో తరగతి లెక్కల పరీక్ష నుంచి మధ్యలోనే లేచి వచ్చినవాడిని. పేపర్ కష్టంగా ఉండి కాదు, ఆ ప్రశ్నలు నా స్థాయికి సరిపోలేదని అప్పట్లో ఊరంతా చెప్పాను. తర్వాత టెంట్‌హౌస్‌లో పనికి కుదిరాను. ఒకసారి అమ్రాబాద్‌లో పెళ్లికి షామియానా కట్టి, మా పక్కింటి మల్లేశ్ బండి మీద తిరిగి వస్తుంటే అడవిలో పులి అడ్డం వచ్చింది. హారన్ కొట్టగానే మర్యాదగా పక్కకు జరిగింది. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ మల్లేశ్ ఒకటే మాట అంటాడు: "నా బండికి హారనే లేదు గదనే."

ఆ హారన్ లేని బండే అప్పట్లో మా ఇంటికి ఆధారం. నా భార్య కరుణ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది కానీ ఊళ్లోకి రాదు. ఊరి నుంచి రోడ్డు దాకా చేల మధ్య చాలా దూరం. ఆ బస్సు తప్పితే ఆ రోజు జీతం పోయినట్టే, తరచూ తప్పితే పనే పోయినట్టు. పొద్దున్నే మల్లేశ్ బండి అడుక్కుని ఆమెను దింపిరావడం నా ఉద్యోగం. అందుకే మాకు సొంత బండి కావాల్సి వచ్చింది. విషయమంతా ఇంతే.

తెలంగాణ వచ్చిన ఏడు దసరాకు ముందు చిట్టీ ఎత్తాం. షోరూంకు వెళ్లి ధర అడిగితే, అన్నీ కలిపి యాభై అయిదు వేలు అన్నారు. మా దగ్గర సరిగ్గా సరిపోయేంత ఉంది. బండి ఎక్కి కూర్చుని, అద్దంలో ముఖం చూసుకుని, రేపొచ్చి తీసుకుంటానని చెప్పి వచ్చాను. తిన్నగా ఇంటికి వెళ్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ దారిలో చాయ్ హోటల్ ఉంది.

"దావత్ ఎన్నడు ఎల్లేషన్నా?" అన్నాడు మల్లేశ్.

మా దిక్కు కొత్త బండి వస్తే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, మైసమ్మ గుడి దగ్గర యాటను, అంటే మేకపోతునో గొర్రెపోతునో కోసి, వాడకట్టుకు అన్నం పెడతారు. బండి వచ్చాక అందరూ పెడతారు. అందరూ చేసేది నేనూ చేస్తే నాకూ వాళ్లకూ తేడా ఏముంది?

"బండి ఏడికి పోతది? దావత్ ఇయ్యాల్నే," అన్నాను.

టెంట్‌హౌస్ గిన్నెలు చేతికింద ఉన్నాయి. పందిరి కూడా వేశాను, లైట్లతో సహా. జనం తిన్నారు, మెచ్చుకున్నారు, మూతులు తుడుచుకున్నారు. కరుణ వచ్చి మెల్లగా అడిగింది.

"బండేది?"

"షోరూంల ఉన్నది. నా పేరు చెప్పొచ్చిన."

తెల్లవారి చూసుకుంటే యాటకు పోయినంత, బండికి తక్కువ పడింది. మళ్లీ కూడబెడదామనుకున్నాం. కూడబెట్టేలోగా బండి ధర ఇంకాస్త పైకి జరిగింది.

రెండో దావత్ 2017లో. పాత రకం ఇంజన్ బండ్లు ఏప్రిల్ ఒకటి నుంచి అమ్మకూడదని తీర్పు వచ్చింది. మార్చి ఆఖరున షోరూంలవాళ్లు వేలకు వేలు తగ్గించి అమ్మేశారు. ఊళ్లో పోరగాళ్లంతా పరుగెత్తారు. నేను పరుగెత్తలేదు. లెక్కల పరీక్ష నుంచి లేచివచ్చిన బుర్ర ఆ రోజు పని చేసింది.

"ఇయ్యాల గింత తగ్గించిన్రంటే రేపు ఇంకింత తగ్గిస్తరు. పొద్దు గూకంగ పోతే, బండికి తాడు కట్టి మన చేతికే ఇస్తరు," అని హోటల్‌లో బల్ల గుద్ది చెప్పాను. మిగలబోయే డబ్బులను తలుచుకుని, ముప్పై ఒకటి పొద్దున్నే యాటను కోయించాను. మల్లేశ్ ముందురోజే కొన్న కొత్త బండి మీద నా దావత్‌కు వచ్చాడు. అది కూడా మూలుగు బొక్క, అదే మూలుగ ఎముక, కావాలని అడిగి మరీ తిన్నాడు. సాయంత్రం నేను షోరూంకు వెళ్లేసరికి అక్కడ బండ్లు లేవు, నేల మీద నూనె మరకలు ఉన్నాయి.

మల్లేశ్ మంచివాడు. తన పాత బండిని నాకు వదిలేశాడు. అమ్మితే ఎవరూ కొనరని అతని ఉద్దేశం. పొద్దున్నే కిక్ కొట్టి కొట్టి నా కుడి కాలు ఎడమ కాలికంటే లావైంది.

ఆ తర్వాత ధర నాతో ఆటలాడింది. నేను నడుస్తుంటే అది బండెక్కి పోయింది. ఒక ఏడు ఇన్సూరెన్స్ అయిదేళ్లది ఒకేసారి కట్టమన్నారు. ఇంకో ఏడు పొగ తక్కువ వచ్చే ఇంజన్ అన్నారు, దానికి డబ్బులు ఎక్కువన్నారు. తర్వాత కరోనా వచ్చి పెళ్లిళ్లు ఆగి, నా పందిర్లు మూలకు పడ్డాయి. అది పోగానే లైఫ్ ట్యాక్స్ పెరిగింది. యాభై అయిదు వేల బండి ఎనభై దాటి తొంభై వైపు చూస్తోంది. అయినా ధైర్యం చేసి ఒకసారి అడ్వాన్స్ కట్టాను. కట్టిన సంతోషం ఊరికే ఉండనిస్తుందా? మూడో యాట కూడా తెగింది. మిగతా డబ్బు ఎక్కడ తేవాలో తెలియక, షోరూంలో బతిమాలి ఆ అడ్వాన్స్ వెనక్కి తెచ్చుకున్నాను.

"బండెక్కకముందే మూడు యాటల పాపం మూటగట్టుకున్నవు బిడ్డా," అంది మా అమ్మ. తిన్నప్పుడు మాత్రం ఆమె ఆ మాట అనలేదు.

పోయినేడు వానాకాలంలో మల్లేశ్ పాత బండి చేల మధ్య ఆగిపోయింది, మళ్లీ లేవలేదు. కరుణ బురదలో నడిచి వెళ్లేసరికి బస్సు వెళ్లిపోయింది. మూడు రోజులకు మళ్లీ తప్పింది. ఇంకోసారి తప్పితే రానక్కర్లేదని సూపర్‌వైజర్ చెప్పేశాడు.

సరిగ్గా అప్పుడే, దసరాకు ముందు, బండ్ల మీద పన్ను తగ్గింది. ఆ మార్చి ఆఖరు మాట వదిలేస్తే, పదకొండేళ్లుగా పైకే చూసిన ధర మొదటిసారి కిందికి దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కాలుమీద కాలు వేసుకుని నా విశ్లేషణ మొదలుపెట్టాను.

"జర ఆగుదం కరుణా. తగ్గుడు షురువైంది గద. పండుగ దాటనియ్యి, ఇంకింత తగ్గుతది."

"ఇంకెంత తగ్గాలె?"

"నువ్వు ఫికర్ చేయకు. గీ లెక్కలు నాకు తెలుసు."

ఆదివారం ఆమె కేతేపల్లికి, తల్లిగారింటికి వెళ్తున్నానని బయలుదేరింది. మధ్యాహ్నానికి కొత్త స్కూటీ మీద తిరిగి వచ్చింది, తానే నడుపుతూ. కంపెనీ ఆవరణలో తోటివాళ్ల స్కూటీల మీద నేర్చుకుందట. ఆడవాళ్లంతా కలిసి వేసుకున్న చిట్టీ ఎత్తిందట.

"నాకొక మాట చెప్పకపోతివి," అన్నాను.

"నీకు చెప్తే హోటల్‌కు చెప్తవు. హోటల్‌కు చెప్తే యాట తెగుతది," అంది.

అప్పటికే వాడకట్టు పోగైంది. మా అమ్మ నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. మల్లేశ్ అందరికంటే ముందుకొచ్చి, స్కూటీ చుట్టూ తిరిగి, హారన్ కొట్టి చూశాడు.

"దావత్ ఎన్నడు వదినా?"

"ముందుగాలనే తిన్నరు గద తమ్మీ, మూడుసార్లు. మూలుగు బొక్కతోని సహా," అంది కరుణ.

మల్లేశ్ మెల్లగా హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. అప్పుడు నాకు నా గొప్పతనం తెలిసింది. మొదటి దావత్‌నాడు యాట అయిదు వేలు. అదే యాట ఈ రోజు పదిహేను వేలకు తక్కువ రాదు. బండి ధర రెండింతలైనా కాలేదు, యాట ధర మూడింతలైంది. నేను ఆనాడే కోయబట్టి గానీ, ఇప్పుడు కోయాలంటే ఇల్లు గుల్లయ్యేది. ఊరంతా బండ్ల ధర చూస్తుంటే నేనొక్కడినే యాటల ధర ముందే చూశాను. ఈ మాట కరుణకు వివరంగా చెప్పాను.

"వెనక కూసో. హెల్మెట్ పెట్టుకో," అంది.

ఇప్పుడు పొద్దున్నే ఆమె నడుపుతుంది, తోడుగా నేను వెనక కూర్చుంటాను. రోడ్డు దగ్గర స్కూటీకి తాళం వేసి, తాళంచెవిని తన బ్యాగులో వేసుకుని ఆమె బస్సెక్కుతుంది. నేను చేల మధ్య నుంచి నడుచుకుంటూ ఇంటికి వస్తాను. దారిలో ఎవరైనా అడిగితే, బండి కొత్తది గదా, ఇంజన్ వేడి చల్లారనిస్తున్నానని చెబుతాను.