ఎండదెబ్బ అని రాసిన పేజీలు

ఆ ఊరి క్రైస్తవ పేటలో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్ల రెబ్కా. బీయస్సీ చదివి ఏం చేసిందయ్యా అంటే, సత్తెనపల్లికి ఆరు మైళ్ళ దూరంలో మిషన్ వాళ్ళు పెట్టిన రెండు గదుల ఆస్పత్రిలో సూదులు ఉడకబెట్టింది. డాక్టరు గారు మంగళవారం మంగళవారం జీపులో వచ్చేవారు. మిగతా ఆరు రోజులూ కట్టు కట్టినా, మందు కలిపినా రెబ్కాయే.

ఊరికే చేయలేదు. చీరాల వైపు ఒక పెద్ద ఆస్పత్రిలో, డాక్టరుకి తోడుగా వైద్యం చేసేవాళ్ళకి రెండేళ్ళ శిక్షణ ఉంది. డిగ్రీ అయినవాళ్ళకే. ఏడాదికి ఆరే సీట్లు. ఒక షరతు కూడా ఉంది. చూసిన ప్రతి రోగి గురించీ సొంత దస్తూరీతో రాసిన కేసు పుస్తకం తేవాలి, ప్రతి పేజీ కిందా డాక్టరు సంతకం ఉండాలి. రెబ్కా తల్లి పుల్లమ్మ కూలికి మిరపకాయలు కోసి కోసి, చేతుల మంటకి అన్నం కూడా చెంచాతో తినే మనిషి. "నా చేతులు నీకొద్దే" అనేది కూతురితో. అందుకే రెబ్కాకి ఆ సీటు తప్ప ఇంకో ధ్యాస లేదు.

ఎనభై ఏడులో పత్తికి తెల్లదోమ పట్టింది. దోమను చంపలేని పురుగుమందు, అప్పుల బాధకి దాన్ని తాగిన మనుషుల్ని మాత్రం ఇట్టే చంపింది. కానీ తాగారని ఎవరూ నోరు జారరు. తాగారంటే పోలీసు కేసు, పోతే శవాన్ని కోస్తారు, బతికితే నలుగురిలో తలెత్తుకోలేరు. అందుకని మంచం మీద మోసుకొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకే మాట, ఎండదెబ్బ. డిసెంబరు చలిలోనూ ఎండదెబ్బే! రెబ్కా వాసన పట్టేది, కంటిపాపలు చూసేది, తాగినవాళ్ళకి చేయాల్సిన వైద్యమే చేసేది. పుస్తకంలో మాత్రం వాళ్ళు చెప్పిందే రాసేది. జాలిపడి రాసేది. ఆ జాలే కొంప ముంచింది.

ఒక ఆదివారం పొద్దున్నే పానకాలు అనే రైతును తెచ్చారు. నోట్లో నురగ, కంటిపాపలు ఆవగింజంత. మామూలు రోజుల్లో రెబ్కాను "ఏమే" అని పిలిచే అతని భార్య వెంకాయమ్మ ఆ రోజు ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఎండదెబ్బని రాయి తల్లీ. నీకు దణ్ణం పెడతా."

"అట్టాగే రాస్తాలే అమ్మగారూ, ముందు పక్కకి జరగండి."

ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షను పావుగంటకొకటి చొప్పున పొద్దుగుంకేదాకా చేసింది. మనిషి తేరుకున్నాడు. మంగళవారం డాక్టరు గారు వచ్చేసరికి మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. బయట యాభై మంది వరసలో ఉన్నారు. డాక్టరు గారు పుస్తకం పైపైన చూసి, ఎండదెబ్బ తగ్గిందని సంతకం పెట్టి, ఇంటికి పొమ్మన్నారు. ఈ విషం లోపలే ఉండి రెండు మూడు రోజులకి మళ్ళీ తిరగబడుతుందని, ఇలాంటివాళ్ళని గుంటూరు పంపాలని ఆయనే ఒకసారి చెప్పారు. రెబ్కా నోరు తెరవబోయింది. వెంకాయమ్మ కళ్ళతోనే బతిమాలింది. రెబ్కా ఊరుకుంది.

బుధవారం పొద్దెక్కేసరికి పానకాలుకి మెడ నిలబడలేదు. మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది.

ఎనభై ఎనిమిది జూన్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళింది. అక్కడి పెద్ద డాక్టరమ్మ పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఆగింది.

"ఎండదెబ్బకి ఇన్ని అట్రోపిన్ ఇంజెక్షన్లు ఎందుకిచ్చావమ్మా?"

పొరపాటైందండి అంటే సరిపోయేది. కానీ పానకాలు పేరు చూడగానే రెబ్కా అబద్ధం ఆడలేకపోయింది. ఉన్నదంతా చెప్పేసింది. డాక్టరమ్మ ఒక ఎర్ర పెన్సిలు ఇచ్చి వరండాలో కూర్చోమంది. "ఇందులో ఎన్ని అబద్ధాలున్నాయో గీత పెట్టి తీసుకురా." పందొమ్మిది పేజీలు తేలాయి.

"సీటు ఇవ్వలేను. నువ్వు రాసింది చూసే కదా పానకాలుని డాక్టరు ఇంటికి పంపారు. వచ్చే ఏడు నిజం పుస్తకంతో రా."

ఇక నిజమే రాస్తానని రెబ్కా ఒట్టు పెట్టుకుంది. ఆ ఏటి పత్తి కాలంలో మొదటగా వచ్చినతనికి వైద్యం చేసి, పుస్తకంలోనూ గుంటూరు చీటీలోనూ పురుగుమందు తాగాడనే రాసింది, గుంటూరు పంపి బతికించింది. అతను ఇంటికొచ్చిన మర్నాడే పోలీసులు వచ్చి స్టేషనుకి లాక్కెళ్ళారు. ఆ కబురు మూడు ఊళ్ళు తిరిగింది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఇమాం హుస్సేన్ అనే కౌలు రైతును ఎడ్లబండి మీద ఆస్పత్రి ముందు నుంచే తీసుకెళ్ళారు. మందు వాసన గుమ్మందాకా వచ్చింది. రెబ్కా చెప్పుల్లేకుండా పరుగెత్తి బండి పట్టుకుంది.

"దించండి! ఇంకా టైముంది, బతుకుతాడు!"

"వద్దులేమ్మా" అంది అతని భార్య జైనాబీ, ఆమె ముఖం చూడకుండా. "నువ్వు రాసేస్తావంటగా. మేం చింతపండు నీళ్ళు తాపిస్తాంలే."

సాయంత్రానికి పోయాడు. ఆ ఏడు అలా ఆస్పత్రి గడప తొక్కకుండా ఏడుగురు పోయారు.

మరుసటి జూన్‌లో రెబ్కా రెండో పుస్తకం పట్టుకుని వెళ్ళింది. డాక్టరమ్మ చివరిదాకా చదివింది.

"ఎండదెబ్బ ఒక్కటీ లేదు, బాగుంది. మందు తాగిన కేసు కూడా ఒక్కటే. మీవాళ్ళకి బుద్ధొచ్చినట్టుందే."

"తాగుతున్నారండి. నిజం రాస్తానని నా దగ్గరికి తేవడం లేదు. ఏడుగురు పోయారు."

డాక్టరమ్మ పుస్తకం మూసింది. "పుస్తకంలో ఉన్నదే మేం చూడగలం తల్లీ" అంది.

సాయంత్రం నోటీసు బోర్డు మీద పేర్లు అంటించారు. ఆరు పేర్లలో మొదటిది రెబ్కాదే. పక్కనున్న అమ్మాయి చేయి కలపడానికి వచ్చింది. ఆమెను అలాగే నిలబెట్టి, రెబ్కా బోర్డుకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. సీటు వచ్చిన సంతోషం అనుకున్నారు అందరూ.