అక్క బావి, తమ్ముడి పంపు

మా అమ్మ తన ఒక్కగానొక్క తమ్ముడికి అన్నం పెట్టేది గానీ నీళ్ళిచ్చేది కాదు. మావయ్య డ్యూటీ దిగి మా ఇంటికొస్తే కంచం వేసి, కొసరి కొసరి వడ్డించి, గ్లాసు మాత్రం పెట్టకుండా లోపలికి వెళ్ళిపోయేది. ఆయన సంచిలోంచి తన సీసా తీసుకుని తాగేవాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే వరస. అందరి ఇళ్ళకూ మావయ్యలు సీసాలు పట్టుకునే వస్తారనుకునేదాన్ని.

మావయ్యది బొగ్గు గనిలో పంపు నడిపే పని. నేలను చీల్చి తవ్విన పెద్ద గొయ్యి ఆ గని. అడుగున ఊరే నీళ్ళను ఎప్పటికప్పుడు తోడి అవతలి వాగులోకి వదలకపోతే పని సాగదు. ఆయన పంపుగదిలో ఒక ఇనపకుర్చీ, నూనె మరకల బల్ల, చేతిగుడ్డ తగిలించుకునే మేకు, ఇంతే సామాను. ఆ మోత వినీ వినీ ఆయనకి మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. "ఉప్పు తగ్గిందక్కా" అంటే వీధి చివరిదాకా వినబడేది. అమ్మకా ముక్కుమీదే కోపం. "చెప్పు, ఊరందరికీ చెప్పు, మా అక్కకి వంట రాదని" అని కసురుకునేది.

మా ఇంటి వెనక బావి, బావి కింద కూరగాయల మడి ఉండేవి. నాన్న పోయాక మా కడుపులు నింపింది ఆ మడే. గని లోతు పెరిగేకొద్దీ చుట్టుపక్కల నేలలోని నీరంతా ఆ గోతిలోకి దిగిపోయింది. నాకు ఊహ రాకముందు ఒక వేసవిలో చేద వేస్తే అడుగున రాయికి తగిలి ఖంగుమంది. "వాడు తోడుతున్నది నా బావినే" అంది అమ్మ. అది నిజమే. మావయ్య కాకపోతే ఇంకొకడు ఆ మీట నొక్కేవాడు, అదీ నిజమే. కానీ ఆ ఇంకొకడు తమ్ముడు కాడు కదా. ఆ రోజు తీసేసిన గ్లాసు అమ్మ మళ్ళీ పెట్టలేదు. కుట్టుమిషను ముందు కూర్చుని నన్ను పెంచింది. తాగడానికి కుళాయి ఉండేది గానీ మడికి ఆ నీళ్ళు చాలేవి కావు.

కొన్నేళ్ళకి బొగ్గు అయిపోయింది. గని మూసేశారు. నేలను మళ్ళీ సాగుకి తెచ్చే పని మీద ఒక ఇంజనీరమ్మ మనుషులను వెంటబెట్టుకుని దిగింది. ఇంక బావికి నీళ్ళొచ్చినట్టేనని అమ్మ బావిగట్టు కడిగి, కొత్త తాడు తెప్పించింది. తీరా చూస్తే పంపు మోత ఆగలేదు.

"గని మూసేశారుగా, ఇంకా ఏం తోడుతున్నావురా?" అని నిలదీసింది.

మావయ్య సంచి కింద పెట్టాడు. "గోతిలో నల్లమట్టి ఉందక్కా. దానికి నీళ్ళు తగిలితే పులిసిపోతాయట. సున్నం కలిపి, బంకమట్టి కొట్టి, ఆపైన మంచిమట్టి పరవాలి. అందాకా నీళ్ళు పైకి రానివ్వద్దంది ఇంజనీరమ్మ."

"పులవడానికి అవేమన్నా మజ్జిగట్రా? కబుర్లు చెప్పకు. జీతం పోతుందని నీ ఏడుపు."

ఆ రోజునుంచి అన్నం కూడా లేదు. మావయ్య అలవాటు కొద్దీ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. అమ్మ మిషను తొక్కుతూ తలెత్తేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. పెళ్ళీ పెటాకులూ లేని మనిషికి ఈ భూమ్మీద ఉన్నదల్లా ఈ గుమ్మమే కదా!

ఆ వానల్లో మావయ్య ఇంక తట్టుకోలేకపోయాడు. ఎవరికీ చెప్పకుండా పంపు ఆపేశాడు. గోతిలో నీళ్ళు నల్లమట్టిని ముంచుకుంటూ పెరిగాయి. కొన్నాళ్ళకి మా బావి అడుగున తడి కనిపించింది, ఆ తర్వాత చేద మునిగింది. అమ్మ చిన్నపిల్లలా కేకపెట్టింది. నీళ్ళు కాస్త ఎర్రగా ఉంటే "కొత్తనీరు అలాగే ఉంటుందిలే" అంది. టమాటా నారు తెప్పించి నాటి, చేది పోసింది. మావయ్యకి కబురంపి కంచం వేసింది. "గ్లాసు కూడా పెడతాలేరా. నారు నిలదొక్కుకోనీ, నా చేత్తో నీళ్ళిస్తా" అంది.

నారు నిలదొక్కుకోలేదు. ఆకుల అంచులు గోధుమరంగుకి తిరిగి, వారం గడవకుండానే మడి మాడిపోయింది. మావయ్య వచ్చి మడి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నేనే ఆపానక్కా పంపు" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

అమ్మ మడిలోకి దిగింది. చచ్చిన మొక్కలను ఒక్కొక్కటే పీకి కుప్పవేసింది. చేతులు దులుపుకుని, "పో, పోయి తోడు. మంచినీళ్ళొచ్చేదాకా తోడు. నేనాగుతా" అంది. గుమ్మం దాకా వెళ్ళిన ఆయన్ని మళ్ళీ పిలిచి అన్నం పెట్టింది.

మావయ్య ఇంజనీరమ్మ దగ్గరికి తనే వెళ్ళి చెప్పుకున్నాడు. మునిగిన మట్టికంతా మళ్ళీ సున్నం కలపాల్సి వచ్చింది. ఆవిడ చెడామడా తిట్టింది గానీ పనిలోంచి తీసెయ్యలేదు. మట్టి పొర మీద పొర పడింది, పొలాలకి కాలవ తవ్వారు. కొత్తమట్టి కుంగి కాలవ వంకరపోతే మళ్ళీ తవ్వారు. ఇంట్లో కంచం పక్కన గ్లాసు లేదు, సీసానే. కానీ ఇప్పుడది కోపం కాదు, నారు నిలబడితే ఇస్తానన్న మాట.

పంపు ఆపమని ఇంజనీరమ్మ చెప్పేనాటికి అమ్మ గుండె బలహీనపడింది. రోజూ పొద్దున బావిలో చిన్న రాయి వేసి చెవి ఒగ్గేది. లేవలేకపోయాక నన్ను వెయ్యమని, మంచం మీదనుంచే "ఏం వినబడింది?" అని అడిగేది. రాయి చప్పుడే అనేదాన్ని. నీళ్ళ చప్పుడు వినకుండానే పోయింది. ఆ నేల మీద, ఆ బొగ్గు మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

తర్వాతి వానలకి బావిలో నీళ్ళొచ్చాయి. మొక్కలకి పనికొస్తాయి, తాగడానికి మాత్రం వద్దంది ఇంజనీరమ్మ. మావయ్య టమాటా నారు తెచ్చి, అమ్మ నాటిన చోటే నాటాడు. రోజూ వచ్చి ఒక్కో ఆకూ తిప్పి అంచులు చూసేవాడు. భోజనానికి కూర్చుంటే నేను గ్లాసు పెట్టేదాన్ని. "ఇంకా కాదమ్మా" అని పక్కకి జరిపి సీసా తీసేవాడు.

ఒకరోజు మడి దగ్గరనుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. మొక్కలు కొత్త చిగుళ్ళు వేశాయి. ఆకు అంచులు పచ్చగానే ఉన్నాయి. సంచి జోలికి పోలేదు. మిషను ఉన్న గది వైపు తల తిప్పి, వీధి చివరిదాకా వినబడేలా కేకేశాడు.

"అక్కా, నీళ్ళు!"

నేనే లేచి వెళ్ళి కుళాయి నీళ్ళు పట్టి తెచ్చిచ్చాను.